పడుగుపై పీత: బస్తరు పాటావస్త్రము

రాయపూరులో నొక చేనేత ప్రదర్శనమున, బస్తరునుండి వచ్చిన ముతకనూలు చీర నొకదానిని విప్పి చూచుచుండగా, కొంగుపై నేసిన చిన్న గొడ్డలిబొమ్మ కంటబడి, చీనా చక్రవర్తుల పట్టుటంగీలను జ్ఞప్తికి దెచ్చినది. చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలమున, 1759లో సిద్ధమైన నియమగ్రంథము, ఏ పదవివాడు ఏ వర్ణమును ధరింపవలెనో నిర్ణయించి, సూర్యచంద్రులు, పర్వతము, అగ్ని, ధాన్యము మున్నగు 12 చిహ్నములను సమష్టిగా ధరించు నధికారమును చక్రవర్తి కొక్కనికే యిచ్చినది. ఆ పండ్రెండింటిలో గొడ్డలియు నొకటి. అది దండనాధికారమునకు గుర్తు. బస్తరు చీరపై గొడ్డలికి అట్టి దర్పము లేదు. కట్టెలకై అడవికి పోవు మురియా గిరిజనుని భుజమున నిత్యము వ్రేలాడు గొడ్డలియే యది.

ఈ వస్త్రమును అచ్చట పాటా యందురు. రాయపూరునకు దక్షిణముగా ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున నున్న జగదల్పూరు పరిసరములయందు పంకా కులమువారు దీనిని నేయుదురు. వీరిలో పెక్కురు కబీరుపంథీయులు. రాయపూరునకు ఉత్తరమున దామాఖేడాలో ఆ పంథమువారి గురుపీఠము గలదు. నేతగాడైన కబీరును గురువుగా గొల్చువారి చేత ఈ మగ్గము నిలిచియుండుట నాకెంతయు సముచితముగా దోచును. కట్టుకొనువారు మురియా, ధుర్వా, భత్రా మున్నగు గిరిజనులు. సరిహద్దున కావల, ఒడిశాలోని కోట్పాడున మిర్గాను కులమువారిదియు ఈ సంప్రదాయమే. వారి వస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది.

దీని సొగసంతయు రెండు వన్నెలలోనే యున్నది: చలువచేయని నూలు తెలుపు, ఆల్ వేరు ఎఱుపు. ఆల్ అనగా మన తొగరుచెట్టే. బందరు కలంకారీవారికి చిరివేరు ఎట్టిదో, వీరికిది యట్టిది. అద్దకము ఇంటి స్త్రీల పని. నూలును ఆముదముతోను, బూడిదనీటితోను, పేడతోను మర్దించి, ఎండనిచ్చి, ఉదికి, మరల మర్దించి, ఇట్లు దినముల తరబడి చేయుదురు. క్షారముతో గలసిన ఆముదము పోగు లోలోపలికి దిగి, రంగును పట్టియుంచు శక్తిని దానికిచ్చును. పిదప ఎండించి దంచిన వేరుపట్ట పొడితో నూలును కాచుదురు. పొడి హెచ్చినకొలది రంగు చిక్కనగును. అన్నభేది కలిపినచో ఎఱుపు కాల్చిన కాఫీగింజ వన్నెకు దిరుగును. ఇదంతయు ముగియుటకు ఇంచుమించు నెల పట్టును.

ఇక నేతకు వత్తము. చక్రవర్తి యంగీపై నాగములను కుట్టు చీనా పనివానికి సూదియున్నది. నాగము మెలికకును, మేఘపు సుడికిని, అలల వంపునకును అది యెటు వలసిన నటు నడుచును. నేతగానికి ఆ స్వేచ్ఛ లేదు. పడుగుపేకల గళ్ళలోనే ఆతడు పీతను పుట్టింపవలెను. నేను చూచిన పీత అఱచేతిలో సగమైనను లేదు. వీపు నలుచదరము; కాళ్ళు మెట్లుమెట్లుగా దిగి, కొసకు సన్నగిల్లినవి. పడుగుపోగులను వ్రేళ్ళతో లెక్కించి యెత్తి, ఎఱ్ఱనూలును దూర్చి, ఒక పేక వేసి, మరల లెక్కించుటయే పని; ఎదుట కాగితముపై గీసిన నమూనా యుండదు. లెక్క తప్పినచో కాలొకటి పొట్టిదగును. ఈ పీతకు నిజముగనే ఒక కాలు పొట్టి. అందువలననే కాబోలు, అది నడచుచున్నట్లు దోచినది. ఎఱ్ఱని అంచులకు రెండు నాడెలు, తెల్లని నడుమకు వేరొక నాడె. రెండు వన్నెల పేకలు కలియుచోట ఒకదానినొకటి కొక్కెమువలె పెనవేసికొనుటచే అతుకు కానరాదు.

చక్రవర్తి యంగీ అంచున అలలు, అలలనుండి లేచు పర్వతములు, పైని మేఘములు. వాని నడుమ ధరించినవాడు విశ్వమునకే యిరుసు. పాటా కట్టినవారిని ఎవ్వరును విశ్వమధ్యమున నిలుపరు. వాగులోని చేప, మడిలోని పీత, వేటకు పోవు విల్లు, ఇంటిలోని దువ్వెన, ఇవియే వారి మేనిని చుట్టుకొనును. పెండ్లికి దీనినే పెట్టుదురు. నిత్యము చేతికందు వస్తువును మంగళవస్త్రముపై నిలుపగల ఈ దృష్టియే నాకు నాగములకంటె గంభీరముగా గనబడును.

ఆ ప్రదర్శనమున ప్రక్కనే అదే పీతబొమ్మతో, అంగడిరంగు అద్దిన చీరలును వ్రేలాడుచుండెను. వెల తక్కువ, ఎఱుపు మిక్కిలి ప్రకాశము. నేను వేరురంగు చీరనే కొంటిని. ఇంటికి దెచ్చి మొదటిసారి నీట ముంచినపుడు, నీరు ఎఱ్ఱబారలేదు. ఆముదపు వాసన మాత్రము గదియంతయు నిండినది.