సగం ప్రాణంతో తిరిగే గైరో

సెస్నా 172 లాంటి చిన్న విమానంలో పూర్తిగా ఆగిపోయిన పరికరం నన్ను అంతగా భయపెట్టదు. ఆగిపోయిందని తెలిశాక దాన్ని పైలట్ ఎలాగూ నమ్మడు. నా భయమంతా సగం పనిచేసే టర్న్ కోఆర్డినేటర్ గురించే.

దాని డయల్ మీద వెనక నుంచి చూసినట్టుండే బుల్లి విమానం బొమ్మ, కింద వంపు తిరిగిన గాజు గొట్టంలో నల్ల గోలీ ఉంటాయి. బొమ్మ రెక్క కొస పక్కనున్న గీతకు చేరితే విమానం సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరుగుతోందని లెక్క. అంటే పూర్తి చుట్టుకు 2 నిమిషాలు. బొమ్మను కదిపేది లోపల కరెంటుతో గిర్రున తిరిగే గైరో. దాని చట్రాన్ని సుమారు 30 డిగ్రీలు ఏటవాలుగా అమరుస్తారు కాబట్టి విమానం ఒరగడం మొదలవగానే బొమ్మా స్పందిస్తుంది. దాంతో అది ఒరిగిన కోణాన్ని చూపుతోందని కొత్తగా నేర్చుకునేవాళ్లు పొరబడుతుంటారు. అది చెప్పేది ఎంత జోరుగా తిరుగుతున్నామన్నదే.

గైరో చక్రం ఎంత వేగంగా తిరిగితే బొమ్మ మీద అంత బలం పనిచేస్తుంది. బేరింగులు అరిగినా, వోల్టేజి పడిపోయినా చక్రం నెమ్మదిస్తుంది, బొమ్మ ఉన్నదానికన్నా తక్కువ మలుపు చూపిస్తుంది. మబ్బులో చిక్కుకున్న పైలట్ బొమ్మను గీత దాకా తేవడానికి విమానాన్ని ఇంకాస్త వంచుతాడు. హెచ్చరించడానికి డయల్ మీద ఎర్ర జెండా ఉందిగా అంటారు. చాలా రకాల్లో ఆ జెండాకు తెలిసేది కరెంటు అందుతోందా లేదా అన్నంతవరకే.

అందుకే ఇంజన్ స్టార్ట్ చేయకముందే మాస్టర్ స్విచ్ వేసి చెవి పెట్టి వినమంటాను. సన్నగా మొదలై పెరుగుతూ పోయే ఈల వినిపిస్తే మంచిదే. గరగరమంటే బేరింగుల పని అయిపోతున్నట్టు. ట్యాక్సీలో ఎడమకు తిప్పినప్పుడు బొమ్మ ఎడమకు ఒరగాలి, గోలీ కుడికి జరగాలి. గాలిలో మాత్రం స్టాప్‌వాచ్‌ను మించిన సాక్షి లేదు. రెక్క కొసను గీత మీదే నిలిపి చుట్టు తిరిగితే 90 సెకన్లకే పూర్తయిందనుకోండి, విమానం నిజానికి సెకనుకు 4 డిగ్రీలు తిరిగినట్టు. రెండు వైపులా ఇలాగే వస్తే చక్రం నెమ్మదించిందని అనుమానించాలి. ఒకవైపే తేడా ఉంటే స్ప్రింగు సర్దుబాటు, బిగింపు చూడాలి.

కొత్త పరికరం కొనేముందు వెనక ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలవండి, ఎర్త్ సరిగా ఉందో చూడండి. నేల మీద గోలీ పక్కకు పోయి కనిపిస్తే ముందు టైర్లలో గాలి, విమానం మట్టంగా నిలిచిందా లేదా, ఆ తర్వాతే ప్యానెల్ స్క్రూలు. గాలిలో మాత్రమే పక్కకు జరుగుతుంటే తప్పు చాలాసార్లు రడ్డర్ ట్రిమ్ ట్యాబ్‌ది.

పైలట్లకు ఒక విన్నపం. లోపాలు రాసే స్నాగ్ పుస్తకంలో ‘టర్న్ కోఆర్డినేటర్ బాగోలేదు’ అని రాసి వెళ్లకండి. ఎడమ చుట్టుకు ఎన్ని సెకన్లు, కుడికి ఎన్ని, అప్పుడు వోల్టేజి ఎంత, ఏ శబ్దం వచ్చింది, ఇవన్నీ రాయండి. మెకానిక్ పని సగం అక్కడే తేలిపోతుంది.