ఆంగ్ల క్రియారూపాల బోధన – ‘పన్నెండు కాలాల’ పట్టిక: ఒక పరిశీలన

ఆంగ్ల వ్యాకరణ బోధనలో స్థిరపడిన ‘పన్నెండు కాలాల’ పట్టిక కాలాన్ని, క్రియాస్థితిని ఒకే గాటన కడుతుంది. పని ఎప్పటిదో కాలం తెలుపుతుంది. అది సాగుతున్నదా, ముగిసినదా అన్నది క్రియాస్థితి. బెర్నార్డ్ కామ్రీ ‘ఆస్పెక్ట్’ (1976) గ్రంథం ఈ భేదాన్ని విశదీకరించింది.

‘ఐ యామ్ నోయింగ్’ వంటి దోషాలకు మాతృభాషా ప్రభావాన్ని కారణంగా చూపడం పరిపాటి. కాని ‘నాకు తెలుసు’ అనే అర్థంలో తెలుగువారు ‘తెలుస్తూ ఉంది’ అనరు. కనుక దోషం తెలుగుది కాదు. ప్రతి క్రియనూ పన్నెండు గడుల్లో నింపించే అభ్యాసాన్నే ముందుగా శంకించాలి.

తెలుగు ప్రభావం నిజంగా కనిపించే చోటు వేరు. ‘భోజనం చేశాను’ అన్న ఒకే రూపం ‘ఐ ఏట్’, ‘ఐ హ్యావ్ ఈటెన్’ రెండింటికీ సరిపోతుంది. ‘నిన్న’ చేరితే రెండవది ఆంగ్లంలో పొసగదు. పట్టిక ఈ సంగతి చెప్పదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వర్తమాన భూత భవిష్యత్తులతోపాటు తద్ధర్మాన్నీ గుర్తించింది. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అన్నది స్వభావకథనం. ఆంగ్ల ‘సింపుల్ ప్రెజెంట్’ ప్రధానంగా నిర్వహించేదీ ఈ పనినే. తద్ధర్మం తెలిసిన విద్యార్థికి ఆ రూపాన్ని వర్తమానమని మాత్రమే బోధించడం, చేతిలోని దీపాన్ని ఆర్పి దారి చూపడమే అవుతుంది.