మంచం పక్కని మాట: నర్సింగు సహాయకుల పదజాలంపై ఒక పరిశీలన

నర్సింగు సహాయకుల కోసం తయారయ్యే తెలుగు పాఠాల్లో వైద్య పదజాలానికి సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు దాని తెలుగు. డిస్ప్నియా అంటే శ్వాసకృచ్ఛ్రం, ఎడీమా అంటే శోఫ, బెడ్‌సోర్ అంటే శయ్యావ్రణం. ఈ మాటలు తప్పు కావు. కాని వీటిని రోగి అనడు, డాక్టరు అనడు, వార్డులో సిస్టరూ అనదు. పరీక్షలో రాయడానికి పనికివచ్చిన మాట మంచం పక్కన ఎందుకు పనికిరాకుండా పోతుందో ఒక ప్రాంతాన్ని ఆధారం చేసుకొని పరిశీలిద్దాం.

తమిళనాడులో వేలూరు జిల్లా గుడియాత్తం తాలూకాలో, ఆంధ్ర సరిహద్దు అడవుల అంచున మోర్ధానా ఉంది. చిత్తూరు జిల్లా వైపునుంచి వచ్చే కౌండిన్య నది ఇక్కడి ఆనకట్ట దాటి గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. ఈ సరిహద్దు ప్రాంతంలో ఎందరికో తెలుగు ఇంటి భాష, తమిళం బడి భాష. 2006 నాటి రాష్ట్ర చట్టం పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల తమిళంలోనే చదివి ఆసుపత్రి పనిలో చేరడం సహజం. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల వేలూరులోనే పెరిగి క్రైస్తవ వైద్య కళాశాల అయింది. అక్కడ నర్సుల శిక్షణ 1909లో, నర్సింగు డిగ్రీ చదువు 1946లో ప్రారంభమయ్యాయి. చిత్తూరు వైపునుంచి వచ్చే తెలుగు రోగులకూ వేలూరే పెద్దాసుపత్రుల ఊరు.

ఇటువంటి చోట రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న మాటలే ఎక్కువ చిక్కు తెస్తాయి. 'ఆయాసం' తీసుకోండి. సంస్కృతంలో దీనికి శ్రమ, అలసట అని అర్థం. తమిళం ఆ అర్థాన్ని నిలుపుకుంది. తెలుగు వాడుకలో అది ఊపిరి అందకపోవడంగా స్థిరపడింది. అదే బాధను తమిళులు 'మూచ్చు వాంగుదు' అంటారు. "ఆయాసంగా ఉందమ్మా" అన్న తెలుగు ముసలాయన్ని తమిళ చెవితో వింటే అలసిపోయాడనిపిస్తుంది. పడుకోబెట్టి విశ్రాంతి ఇవ్వబోతారు. ఊపిరాడనివాణ్ణి వెల్లకిలా పడుకోబెడితే బాధ ఇంకా పెరగవచ్చు.

రెండో ఉదాహరణ మరీ సున్నితమైనది. తమిళంలో 'వయిట్రుప్పోక్కు' అంటే విరేచనాలు. మాటకు మాట పెడితే 'కడుపు పోవడం'. తెలుగులో "కడుపు పోయింది" అంటే గర్భం పోయింది అని. ఒకదానికి ఉప్పు, చక్కెర కలిపిన ద్రవం తాగించాలి. రెండోదానికి రక్తస్రావం ఎంత ఉందో చూసి, నాడి చూసి, వెంటనే సిస్టరును పిలవాలి. చేయవలసిన పనులు ఇంత వేరైనప్పుడు మాటను పొరపాటుగా వినడం చిన్న తప్పు కాదు.

మూడోది 'అవసరం'. తెలుగులో కావలసి ఉండటం, తమిళంలో తొందర. "డాక్టరు అవసరం" అన్న మాటలో తొందర ఎంత ఉందో వినేవారి భాషను బట్టి మారిపోతుంది.

ఇంగ్లీషు పదాలు నేర్పితే సరిపోదా అనవచ్చు. అవీ నేర్పవలసిందే. రోగి చార్టు ఇంగ్లీషులో ఉంటుంది, డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు చెప్పుకునేదీ ఎక్కువగా ఆ మాటల్లోనే. కాని నర్సింగు సహాయకురాలి పని చార్టుతో మొదలు కాదు, రోగి మాటతో మొదలవుతుంది. మన పట్టికల లోపం ఇక్కడే ఉంది. అవి ఇంగ్లీషు నుంచి తెలుగుకు నడుస్తాయి. పని మాత్రం రోగి మాట నుంచి ప్రశ్నకు, ప్రశ్న నుంచి చేతికి, చివరికి చార్టుకు నడుస్తుంది.

ఆ వరసలో రాస్తే 'ఆయాసం' కింద ఉండవలసింది ఇది: నడిస్తే వస్తుందా, పడుకుంటే ఎక్కువవుతుందా అని అడగాలి. తల, వీపు ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి. నిండు నిమిషం ఊపిరి లెక్కించాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 12 నుంచి 20 వరకు మామూలు. ఆలస్యం చేయకుండా సిస్టరుకు చెప్పాలి. చార్టులో చూసే మాట డిస్ప్నియా. తమిళ ఆయాసంతో జాగ్రత్త. అలాగే శయ్యావ్రణాన్ని వదిలి 'పడక పుండు' అంటే, లేవలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలన్న పాఠం ఆ మాటనుంచే మొదలుపెట్టవచ్చు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు సేకరించి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువరించారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. వారు నాగలిలోని భాగాలకు పేర్లు కల్పించలేదు, దున్నేవాణ్ణి అడిగారు. నేతపనికి పేరున్న గుడియాత్తంలో రోగి బాధకు కూడా అదే మర్యాద దక్కాలి.

తెలుగునాడు వెలుపల చదువుకునే మన విద్యార్థులు ఈ పనికి తగినవారు. రెండు భాషల్లోనూ ఒకే మాట వినగల చెవి వారికి ఇంట్లోనే అబ్బింది. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మమ్మలు, మేనత్తలు ఒంట్లో బాగాలేనప్పుడు ఏమంటారో, ఏ మాట ఏ బాధకు వాడతారో రాసుకొని తీసుకురండి. నొప్పి, పోటు, సలుపు, మంట, గుంజు అన్న అయిదు మాటలకు తేడా తేల్చినా చాలు, పట్టికలో మొదటి పుట తయారవుతుంది.