గాజుపలక మీద నెత్తురు బొట్టు

సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర ఓ చిన్న రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. అక్కడి టెక్నీషియన్ చేతిపనికి నేను అభిమానిని. స్లైడు కొసన నెత్తురు బొట్టు పెడతాడు. ఇంకో స్లైడును ఏటవాలుగా ఆనించి, బొట్టు అంచంతా పాకగానే ఒక్క ఊపున తోస్తాడు. చెయ్యి ఆగిందా, చారలు పడతాయి. దోసె తిప్పినంత తేలికే అనుకున్నాను. నా చేతికిస్తే ముద్దయింది!

ఆరాక లీష్మన్ రంగు, కాసేపటికి బఫర్ నీళ్లు, తర్వాత కడగడం. "చూడండి సార్" అంటూ మైక్రోస్కోపు ముందు నుంచి పక్కకు జరిగాడు. గులాబీ బిళ్లలు ఎర్రకణాలు. కేంద్రకాన్ని వదిలేసి, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ నింపుకుని దాదాపు 120 రోజులు తిరుగుతాయి. వాటి మధ్య న్యూట్రోఫిల్, సూక్ష్మజీవుల్ని మింగే తెల్లకణం. దాని ఊదారంగు కేంద్రకం మూడు తమ్మెలుగా విడి, సన్నని పోగుతో కలిసుంది. బడి పుస్తకంలో గుండ్రంగా గీసిన కణం బొమ్మ ఎంత పేదదో!

1897 ఆగస్టు 20న ఈ సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని పట్టుకున్నదీ మైక్రోస్కోపుతోనే. ఇప్పుడు కణాల లెక్క యంత్రం చేస్తుంది, అనుమానమొస్తే మాత్రం స్లైడే.

ఎంఎంటీఎస్ రైలు వెళ్తే బల్ల సన్నగా అదురుతుంది. టెక్నీషియన్ కన్ను తీయకుండా ఆగి, తెల్లకణాల లెక్క మళ్లీ అందుకుంటాడు: న్యూట్రోఫిల్, న్యూట్రోఫిల్, లింఫోసైట్...