విందునఁ బట్టిన గ్రహణము

ఇటలీ దేశీయుఁడగు పావొలో జెనొవేసె దర్శకత్వమున 2016వ సంవత్సరమున వెలువడిన ‘పెర్ఫెత్తి స్కోనొషూతి’ యను చలనచిత్రము నామమునకు ‘బొత్తిగా నెఱుఁగనివారు’ అని తెలుఁగు చెప్పవచ్చును. ఆ యేఁటనే యది యుత్తమచిత్రముగా నా దేశపు దావీద్ ది దొనతెల్లో బహుమానమును బడసినది. 2019 నాఁటికి 18 మాఱులు పునర్నిర్మితమై గిన్నిసు గ్రంథమున కెక్కినది. 2024లో హిందీయందును ‘ఖేల్ ఖేల్ మే’ యను పేర వెలసినది. ఇన్ని దేశములవారి నాకర్షించిన యీ వస్తువును మన లాక్షణికుల మార్గమునఁ బరీక్షించుట యనుచితము గాదు.

అది చంద్రగ్రహణపు రాత్రి. రొక్కొ, ఎవా యను దంపతుల యింట వారితోఁ గూడ నేడ్గురు మిత్రులు విందునకుఁ గూర్చుందురు. గ్రహణమున భోజనము మనకు నిషిద్ధము. వారి కా నియమము లేదు. తమ సెల్‌ఫోనుల నెల్లరును బల్లపై నుంచి, వచ్చిన ప్రతి సందేశమును బయటఁ జదువవలె ననియు, ప్రతి పిలుపును నందఱకు వినిపింపవలె ననియు ఎవా యొక యాట కల్పించును. విందు ముగియులోపల దాంపత్యములును జిరకాల స్నేహమును విచ్ఛిన్నము లగును. పిదప నొక యుంగరము బల్లపై గిఱ్ఱునఁ దిరుగును, గ్రహణము విడుచును, అందఱు నేమియు జరుగనట్లు సెలవు గైకొందురు. ఆ యాట యాడనే లేదని యప్పుడు తెలియును.

ఇట నొక యాక్షేపము గలదు. ముఖసంధి మొదలు విమర్శసంధి వఱకుఁ బెంచిన బీజమునకు నిర్వహణమున ఫలమే లేకున్నచోఁ బ్రేక్షకుఁడు వంచితుఁడు గాఁడా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు, బయల్పడిన రహస్యము లెట్టివో చూడవలయును.

అవి యన్నియు నొక్క జాతివి కావు. కొసిమొ దాఁచినది వంచన. రొక్కొ కూఁతురితో ఫోనులో మాటాడిన మాటలు బయల్పడఁగా నతని వాత్సల్యమే వెల్లడియై, గౌరవము హెచ్చినది. పెప్పె దాఁచినది పురుషునిపైఁ దనకుఁ గల యనురాగము. అది వంచన గాదు, లోకభీతి. లెలె తన తప్పు కప్పుకొనుటకై పెప్పెతో ఫోను మార్చుకొనును. అందుచేఁ బెప్పె రహస్యము లెలె మీఁదఁ బడును. మిత్రుఁడు నిత్యము మోయు భారము నతఁ డొక పూట మోసి, తోడివారి యేవగింపును దానే చవిచూచును. ఈ చిత్రమునకుఁ బ్రాణ మీ ఘట్టమే.

దోషములును లేకపోలేదు. ఒక్క రాత్రియే యిన్ని సందేశములు సమయమునకుఁ దగినట్లు వచ్చుట నమ్మదగినది గాదు. కొసిమొ యొక్కనికే రెండు రహస్యప్రణయములు గల్పించుట యతిశయము. రహస్యములలోఁ బెక్కు పరస్త్రీపరపురుష విషయములే యగుటచే వైవిధ్యము తగ్గినది.

ఇఁక నిర్వహణము. శాకుంతలమున నుంగరము మఱచిన దానిని స్మరింపఁజేసినది. ఇందలి యుంగరము తెలిసిన దానిని మఱపించును. అచ్చటి యభిజ్ఞానము సమాగమమునకుఁ గారణము. ఇచ్చట సమాగమము నిలుచుట కజ్ఞానమే యాధారము. కావున ఫలము లేదనుట సరిగాదు. పాత్రలకుఁ దెలియనిది ప్రేక్షకునకుఁ దెలిసియుండుటయే ఫలము. నవ్వుచు నింటికిఁ బోవు మిత్రులను జూచినపు డతనికిఁ గలుగునది యూఱట గాదు, శోకము. జ్యోతిషమున గ్రహణము విడుచుటకు మోక్షమని పేరు. చంద్రునకు మోక్షము గలిగినది గాని, పెప్పె మరల నొంటిగాఁ దన రహస్యమును మోయుచుఁ బోయెను.

మనుష్యులు పగులు స్వభావము గలవారని రొక్కొ చెప్పు సమాధానము, ఆట యాడకుండుటకుఁ జాలియుండవచ్చును. పెప్పెకు న్యాయము చేయుటకుఁ జాలదు. కవి యీ భేదము నెఱిఁగియే చిత్రమును ముగించెనని మా తలంపు. సహృదయులు విచారింతురు గాక.