క్షణాన్ని కాపలా కాసేవాళ్లు

ఫోన్‌లో టైమ్ చూసి రైలుకు పరిగెత్తుతాం. ఆ టైమ్‌ను సరిగ్గా నిలిపేవాళ్లను మాత్రం తలుచుకోం. భారత ప్రామాణిక సమయాన్ని న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సీజియం గడియారాలతో కాపాడుతుంది. సీజియం పరమాణువు వికిరణం 919,26,31,770 కంపనాలు పూర్తిచేస్తే ఒక సెకను.

అదే ఫోన్‌కు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహంలోని గడియారం నేలమీది దానికన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. అందుకే పైకి పంపేముందే దాని నడకను ఆ మేరకు తగ్గిస్తారు. తర్వాతా నేలమీది కేంద్రాలు కనిపెట్టుకునే ఉంటాయి. ఒక్క నానోసెకను తప్పితే దూరం లెక్కలో అడుగు తేడా. ఆ 38 మైక్రోసెకన్లనూ వదిలేస్తే 11 కిలోమీటర్లు!

అర్ధరాత్రి అంబులెన్సు సరైన సందులోకి మళ్లిందంటే, వెనుక ఈ ఓపిక ఉంది. తప్పితేనే కనపడే పని ఇది. ఏ రోజూ కనపడనీయకుండా చేస్తున్న ఆ చేతులకు దణ్ణం.