గోడలు లేని నాటకశాల

నాట్యశాస్త్రము యొక్క మొదటి యధ్యాయమున నొక చక్కని కథ గలదు. భరతపుత్రులు దేవతల యెదుట తొలి ప్రయోగము నారంభింపగా, తమ యోటమిని జూపు నాటకమును సహింపజాలని దైత్యులు విఘ్నములను వెంటబెట్టుకొని వచ్చి, నటుల వాక్కును, చేష్టను, జ్ఞాపకమును స్తంభింపజేసిరట. ఇంద్రుడు ధ్వజదండముతో వారిని జర్జరులను గావించెను గాని, మిగిలినవారి బెదరింపులు మానలేదు. అప్పుడు బ్రహ్మ విశ్వకర్మను బిలిచి నాటకమున కొక గృహమును నిర్మింపుమని యాజ్ఞాపించెను. నాటకమునకు గోడలు వచ్చినది వానకు వెఱచి గాదు, విఘ్నములకు వెఱచి. ఈ కథ పురాణప్రాయమే యైనను, దానిని జెప్పినవారు కళయొక్క స్వభావమును బాగుగ నెఱిగినవారు.

నేడు మన నాటకశాల యఱచేతిలోనికి వచ్చినది. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ మన దేశమున నడుగు పెట్టెను. ఆ సెప్టెంబరులో జియో సేవ ప్రారంభమై డేటా వెల మిక్కిలి పడిపోయినది. 2020లో తెలుగువారి కొఱకు ఆహా వచ్చెను. అదే యేట జూన్ 29న టిక్‌టాక్ నిషేధింపబడగా, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీలులును, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్సును ఆ స్థానము నాక్రమించెను. ఇదే పరికరము మనకు కచేరియు, తపాలాయు, బ్యాంకియు, హాజరుపట్టీయు నైనది. పనికిని వినోదమునకును నడుమ నుండిన గోడ యిట్లు కూలినది. ఇందువలన కళ కేమి కలిగినది, పని కేమి కలిగినది, గృహమున కేమి కలిగినది యను మూడు ప్రశ్నలను నా బుద్ధికి దోచినంతవఱకు విచారించెదను.

ముందుగా దీని మేలును జెప్పక దోషమును జెప్పుట న్యాయము గాదు. గడప దాటి కచేరి వినబోవుట కనుమతి లేని గృహిణులును, నడువలేని వృద్ధులును నేడు మంచముమీదనే గొప్ప గాయకుల పాట వినుచున్నారు. వినికిడి లేనివారికి తెఱక్రింద నక్షరములు కనబడుచున్నవి. తమ యూరి పొలిమేర దాటి యెవ్వరును వినని గొంతులు దేశము నలుమూలలకు జేరుచున్నవి. ఏ సభాధ్యక్షుని సిఫారసును లేకయే కూలివాడు తన పాటను తానే లోకమునకు వినిపించుచున్నాడు. సంఘసంస్కారమును గోరువా రెవ్వరును దీనిని దులపరించి పాఱవేయజాలరు.

ఇక చిన్నచిత్రముల మాట. ఇవి మిక్కిలి కుఱుచవి గనుక వీనియందు రసము పండదని పలువు రందురు. ఈ యాక్షేపణ నాకు సమ్మతము గాదు. కుఱుచదనమే దోషమగునేని మన ముక్తకములు, చాటువులు నన్నియు దోషభూయిష్ఠములే కావలెను. అమరుకుని ముక్తకము లొక్కొక్కటి ప్రబంధమునకు సాటియని ఆనందవర్ధనుడు మెచ్చుకొనెను. వేమన యొక చిన్న యాటవెలదిలో జీవితానుభవము నంతయు నిమిడ్చెను. ఒక పల్లెటూరి యవ్వ రెండు నిమిషములలో ఉలవచారు కాచు విధమును జూపుచుండగా నేను జూచితిని. ఆమె మాటయందు, చేతి వాటమునందు, కట్టెను వెనుకకు లాగి మంటను దగ్గించు నేర్పునందు చాటువునకు దగిన పొందిక యున్నది.

దోషము చిత్రమునందు లేదు, దాని తరువాత నున్నది. మంచి పద్యమును జదివినవాడు పుస్తకమును మూసి దానిని కొంతసేపు నెమరువేయును. మన యాలంకారికులు రసానుభవమునకు జర్వణ యని పేరిడుటలో నీ యర్థమే యున్నది. ఫోనులో నీ నెమరువేతకు దావు లేదు. బొటనవ్రేలి కదలికతో హాస్యము పోయి శోకము వచ్చును, శోకము పోయి వంటకము వచ్చును, దాని వెనుక యుద్ధము, యుద్ధము వెనుక చీరల బేరము. ముప్పదిమూడు సంచారిభావములును అరగంటలో మనస్సుమీదుగా బరుగెత్తిపోవును గాని, వానికి నిలువనీడ యీయవలసిన స్థాయిభావ మొక్కటియు కుదురుకొనదు. పుట చివర యనునది పూర్వ మొక గోడ. అచ్చట చేయి యాగును, కన్ను ఎత్తును, చాలునా యని మనస్సు తన్ను దా నడుగుకొనును. క్రిందికి జరిపినకొలది క్రొత్తది వచ్చుచుండునట్టి యేర్పాటును 2006లో అజా రాస్కిన్ కల్పించెను. పిమ్మట నతడే దాని ఫలితమును జూచి బహిరంగముగా విచారము వెలిబుచ్చెను.

దీర్ఘకథల గతియు నిట్టిదే. పత్రికలలో ధారావాహికముగా వచ్చు నవలకు ప్రకరణమునకును ప్రకరణమునకును నడుమ వారమో మాసమో గడువుండెడిది. ఆ గడువున నాయిక యేమగునో యని వదినామఱదండ్రు వాదించుకొనెడివారు, గ్రంథకర్త వ్రాయని కథను పాఠకులే యల్లుకొనెడివారు. నేటి సిరీసులో భాగము ముగిసిన కొన్ని క్షణములకే తరువాతిది తనంతట మొదలగును. దీనివలన రచనావిధానమే మాఱినది. భాగాంతమున పాత్రయొక్క మనస్సు పరిపక్వము కావలసిన చోట, ఒక తలుపు చప్పుడో తుపాకి మ్రోతయో వినిపించి కథను ద్రుంచుట వాడుకయైనది. మంచి సిరీసులు లేవని నే ననను. కాని యీ యేర్పాటు ఔత్సుక్యమను నొక్క సంచారిభావమునకే పట్టము గట్టుచున్నది. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమకు పోటీ నిద్రయే యని చెప్పియుండెను. మన హరిదాసు సైతము శ్రోతల నిద్రను గొంత హరించినవాడే. అయినను తెల్లవాఱుజామున కైన నతడు మంగళము పాడెడివాడు. మంగళమనగా కథ ముగిసినది, ఇక మీ మీ యిండ్లకు బొండని యనుజ్ఞ. ఈ క్రొత్త నాటకశాలలో మంగళము పాడువాడు లేడు.

అభినవగుప్తుడు రసాస్వాదమునకు విఘ్నము లేడని లెక్కించెను. వానిలో నొకటి ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. ఇంటి చింతతో వచ్చి కూర్చున్నవాడు నాయకుని దుఃఖమున లీనము కాజాలడు. గీతవాద్యములును, విచిత్రమైన మండపమును ఆ చింతను మఱపించుటకే యని యాయన వివరించెను. నేటి మండప మేమి చేయుచున్నది? తెఱపై శోకఘట్టము నడుచుచుండగా దాని నెత్తిమీదనే "రేపటి నివేదిక యేది?" యను పై యధికారి ప్రశ్న ప్రత్యక్షమగును. చింతను వెలుపల నిలుపవలసిన ద్వారపాలకుడే దానిని జేయిపట్టి లోనికి దెచ్చుచున్నాడు.

2014 నవంబరులో వాట్సాప్ నీలిగీతలను బెట్టినది మొదలు, వార్తను జదివితిమను సంగతియు పంపినవారికి దెలియుచున్నది. ఆ గుఱుతును మాన్పుకొను వీలు గలదు గాని, పై యధికారి యెదుట దానిని వాడుకొనుట కెంద ఱుద్యోగులకు ధైర్యముండును? 2020లో దేశమంతట తాళములు పడినప్పుడు పడకగదియే కచేరియైనది. తాళములు తీసిన పిమ్మటను కచేరి పడకగదిని పూర్తిగ విడువలేదు. మా వృత్తిలోను రాత్రి తొమ్మిదింటికి వచ్చిన యుత్తరువునకు దెల్లవాఱకముందే లెక్కలు పంపవలసిన దినములు గలవు. ఇట్లు విశ్రాంతిలోనికి పని చొఱబడగా, పనిలోనికి వినోదము చొఱబడినది. ఒక పట్టికకును మఱియొక పట్టికకును నడుమ నాలుగు చిన్నచిత్రములు. ఆ పని త్వరగ దెమలదు, ఆ విశ్రాంతి యలసటను దీర్పదు. పనివేళ దాటిన పిమ్మట పిలుపునకు బలుకకుండు హక్కును ఫ్రాన్సు 2017 జనవరినుండియు, ఆస్ట్రేలియా 2024 ఆగస్టునుండియు చట్టముచే నంగీకరించినవి. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే యిట్టి బిల్లునే ప్రవేశపెట్టినది గాని, అది చట్టరూపమును దాల్చలేదు.

గృహమును గూర్చి మఱింత నిక్కచ్చిగ మాటలాడవలసియున్నది. జాతీయ గణాంక కార్యాలయము 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనిలో బాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు జీతము లేని యింటి చాకిరిలో గడపగా, పాల్గొన్న పురుషులు గడపినది 88 నిమిషములు. ఈ యంకెలను మనసునం దుంచుకొని వంటయింటిలోనికి జూడుడు. పోపుల డబ్బా కానించిన ఫోనులో సిరీసు నడుచుచుండును. గృహిణి వంకాయలు తఱుగుచు దానిని వినుచుండును. చూచుటకు గన్నులకు దీఱిక యేది? కుక్కరు కూతలు లెక్కింపవలెను, పాలు పొంగకుండ గనిపెట్టవలెను. మనకు గోడ యీనా డీ ఫోనుచే గూలినది. ఆమెకు పనికిని విశ్రాంతికిని నడుమ గోడ యేనాడును గట్టబడలేదు. "ఎల్లప్పుడును ఫోనే" యని యామె నాక్షేపించు పెద్దమనుష్యుడు తా నొక గంటసేపు గరిటె బట్టి, యామె నొక కుర్చీలో గూర్చుండబెట్టి, ఒక చిత్రమును దుదిదాక జూడనిచ్చెనా? అట్లు చేయనివానికి ఆక్షేపించు నర్హత లేదని నా మనవి.

ఇట నిద్దఱు ప్రతివాదులు లేతురు. పూర్వము నవలలను, పిమ్మట సినిమాను పెద్ద లిట్లే తిట్టిరి గదా యని యొకరందురు. నిజమే. కాని వారు తిట్టినది వానిలోని విషయమును. స్త్రీలు నవలలు చదివిన జెడిపోదురని వెఱచినవారి పక్షము నాది గాదు. నవలకు జివరిపుట యున్నది, సినిమాకు వెలుపలికి బోవు తలుపున్నది. నేను గోరునది యా తలుపునే. ఇష్టము లేనిచో ఫోనును గట్టివేయవచ్చును గదా యని రెండవవారందురు. వినుటకు సులభముగనే యున్నది. కాని యొక ప్రక్క పగలంతయు బనిచేసి యలసిన మనుష్యుని నిగ్రహము, మఱియొక ప్రక్క ఆ నిగ్రహమును సడలించుటయే యుద్యోగముగా గల నిపుణుల సమూహము. ఇట్టి ద్వంద్వయుద్ధమును స్వేచ్ఛ యనుట సరికాదు.

చట్టము చేయవలసినది చట్టము చేయవలెను. అంతవఱకు నింటివారు చేయదగినవి కొన్ని గలవు. తరువాతి భాగము తనంతట మొదలగు నేర్పాటును నెట్‌ఫ్లిక్సునందును యూట్యూబునందును మాన్పుకొను వీలున్నది. దానిని మాన్పుట యరనిమిషపు పని. చిత్రమును జూచు వేళ కచేరి వార్తలు తెఱపైకి రాకుండ నాపవచ్చును. మనము పై యధికారులమైనచో, రాత్రి తోచిన యుత్తరువును వ్రాసియుంచి యుదయము పంపవచ్చును. ఇందులకు ఏ చట్టమును నక్కఱలేదు. వారమున కొక సాయంకాలము వంట ముందుగనే ముగించి, లేక మగవారే వండి, ఇంటిల్లిపాది యొక చిత్రమును మొదటినుండి తుదివఱకు జూచి, ముగిసిన పిమ్మట ఫోనును వేఱొక గదిలో బెట్టి దానిని గూర్చి మాటలాడుకొనవలెను. ఏ పాత్ర నచ్చినది, ఏ మాట యతికినది కాదు, నీవైన నేమి చేసియుందువు అని పిల్లల నడుగవలెను. ఆ మాటలలో రసము నిలుచును, పిల్లలకు విమర్శ యలవడును, తల్లికి గుర్చీ దొరకును. విశ్వకర్మ మన యిండ్లకు రాడు గనుక, ఆ గోడను మనమే కట్టుకొందము.